గాజు గొట్టంలో నీలం

ఎనభైల మొదట్లో మాట. పాలకుర్తి నుంచి హనుమకొండకు బస్సులో వెళ్తున్నాను. షుగరుకు ఇన్సులిన్ మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు. మూడు రోజులకోసారి మోతాదు రెండు పాయింట్లు పెంచమని డాక్టరు చెప్పినా నేను పెంచలేదు. పెంచడమంటే రోగం ముదరడమేనని భయం.

పక్క సీట్లోని ముసలి రైతు తువ్వాలు విప్పి, మూత బిగించిన గాజు గొట్టం తీసి కిటికీ వెలుగుకు పట్టాడు.

"సూడు బిడ్డా, నీలం. మూత్రంల మందు కలిపి కాగబెడితే, షుగరున్నోళ్లకు ఎర్రగైతది. నాది ఆర్నెల్ల సంది ఇటుక లెక్కనే ఉండె. ఇయ్యాల పొద్దుగాల గిట్లొచ్చింది. డాక్టరమ్మకు సూపిద్దామని పట్కపోతాన."

సంతోషంతో ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"ఎన్ని పాయింట్లకు వచ్చింది తాతా?" ఆత్రంగా అడిగాను.

"పదితోని షురువైతే ముప్పైకి. పెంచినప్పుడల్లా ఇగ నా పని అయిపోయిందనుకున్న. ఒంటికెంత కావాల్నో దొరికేదాక ఎతుకుడేనట." నా ముఖంలోకి చూశాడు. "నీకు సుత ఉన్నదా బిడ్డా?"

అప్పటిదాకా ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు.

"ఉంది తాతా. నాది ఇంకా ఇటుక రంగే" అన్నాను, ముందు సీట్లవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

మోతాదు పెంచలేదని ఆ రోజే డాక్టరుకు నిజం చెప్పాను. పెంచుకుంటూ పోతే ఇరవై రెండు పాయింట్ల దగ్గర, ఒక ఆదివారం పొద్దున, నాకూ నీలం వచ్చింది. కేకలేసి ఇల్లంతా లేపాను.