తలుపు మీది ఎర్ర తువ్వాల

మా తమ్ముడి కొడుకు పరమేష్ గురించి రాయాలంటే ముందు నా గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. నా పేరు ఓబుళేశు. చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అయినా రాయచోటి నుంచి నందికొట్కూరు దాకా ఆరువందల పన్నెండు బోర్లు దగ్గరుండి వేయించాను. ఒక్కచోటా మనిషికి గాయం కాలేదు. యంత్రం తిరుగుతున్నంతసేపూ దారికి అడ్డంగా ఎర్ర తువ్వాల కట్టేవాణ్ణి. అది కనిపిస్తే సర్పంచి అయినా ఆగాల్సిందే. ఆ సర్పంచే మెచ్చి నాకు శాలువా కప్పాడు.

ఇక పరమేష్. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. భార్య అంజలితో పొసగక విడిపోయాడు. ఆమె ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది. ఏడేళ్ల లిఖిత తల్లి దగ్గరే ఉండాలని, తండ్రి నెలకు రెండు ఆదివారాలు చూడవచ్చని కోర్టు చెప్పింది.

కంపెనీ ఇంటి నుంచే పనిచేయొచ్చని చెప్పగానే, పరమేష్ సామాను సర్దుకుని ఎర్రగుంట్లలో బడి వెనక సందులో ఇల్లు బాడుగకు తీసుకున్నాడు. రోజూ బడి వదిలాక నాలుగు నుంచి ఏడు దాకా బిడ్డను తన దగ్గర ఉంచమని కోర్టును అడిగాడు.

"ఇంట్లో ఉన్నా చూపంతా కంప్యూటర్ మీదనే సార్. బిడ్డ గోడలతో మాట్లాడుకోవాల్నా?" అంది అంజలి.

జడ్జిగారు ఒక నెల చూద్దామన్నారు. ఆ మూడు గంటలూ కంప్యూటర్ తెరవకూడదు. నెలాఖరుకు తల్లి చెప్పేది విని తేలుస్తామన్నారు.

పరమేష్ కంపెనీని ఒప్పించి తెల్లవారి ఆరింటికే పనికి కూర్చుని మూడున్నరకు ముగించేవాడు. సాయానికి నేను దిగాను. మొదటిరోజే తెరలో మేనేజరు కనిపిస్తే మర్యాదగా పలకరించాను.

"ఏమప్పా, మీ బెంగళూరులో ఎన్ని అడుగులకు నీళ్లు పడతాండాయి?"

పన్నెండు మంది విన్నారట.

"పెద్దనాయనా, మీటింగులో ఉండా! నీకు దండం పెడతా, లోపలికి రావద్దు!"

"ఆ మాట ముందే చెప్తే ఏం పోయ్యేదిరా?" అని ఎర్ర తువ్వాల తీసి తలుపు గొళ్లేనికి కట్టాను. అది ఉంటే ఎవరూ లోపలికి పోరాదు. మూడున్నరకు విప్పాలి. లిఖితకు కూడా ఈ పద్ధతి నేర్పాను. దాంతోపాటు నా బోర్ల సంగతులూ రోజుకు నాలుగైదు చెప్పాను.

నెల చివరి రోజు, శుక్రవారం ఐదింటికి టీ తాగి వచ్చేసరికి తలుపుకు ఎర్ర తువ్వాల! కోర్టు వద్దన్న వేళలో మీటింగు పెట్టుకున్నాడా అనుకున్నాను. నెల ఎట్లా గడిచిందో కళ్లారా చూసిపోదామని కాబోలు, వెనకనే అంజలి స్కూటీ ఆగింది.

"మామా, ఎర్రగుడ్డ ఉంటే మీటింగే కదా? పాప అంతా చెప్పింది."

ఆరువందల బోర్లలో ఒక్క అబద్ధమూ ఆడని నేను తడబడ్డాను. "లేదమ్మా, తలుపుకు రంగు ఏసినాము. ఎవురూ ముట్టకుండా..."

"యాడ రంగు? వేలికి అంటనే లేదే!" అని తలుపు తోసింది.

లోపల కంప్యూటర్ మూసి ఉంది. దాని మీద ఉడకబెట్టిన శనక్కాయల గిన్నె. తండ్రీకూతుళ్లు నేల మీద పడుకుని బడి చార్టు మీద ఎద్దును గీస్తున్నారు.

"మా! తువ్వాల కనపళ్లేదా? లోపలికి రాకూడదు!" అంది లిఖిత.

"మీ నాన్న ఎందుకు కట్టినాడు?"

"నాన్న కాదు, నేనే కట్టినా. లేకుంటే జేజినాయన వచ్చి బోర్ల కథ మొదలుపెడతాడు. ఏడు దాకా నాన్న నాకే కదా?"

పరమేష్ తల ఎత్తలేదు. చేతిలో పెన్సిల్ మాత్రం ఆగిపోయింది. అంజలి నా వైపు చూసి పకపకా నవ్వింది. ఇంకా ఐదువందల బోర్లు చెప్పాల్సి ఉన్నా నేనూ నవ్వాను.

అంతలో ఆమె ఆఫీసు ఫోన్ మోగింది. ఇంటికి వచ్చినా ఆ ఫోన్ ఊరుకోదని పాప ఎన్నోసార్లు చెప్పింది. ఈసారి అంజలి దాన్ని ఆపేసి కూతురి పక్కన కూర్చుంది.

"ఎద్దుకు ఐదు కాళ్లేందే?"

"అది తోకమ్మా!"

సోమవారం కోర్టులో అంజలి, "నాలుగు నుంచి ఏడు దాకా నాకు సమ్మతమే సార్" అంది. బయటికొచ్చాక నన్ను పక్కకు పిలిచింది.

"మామా, ఇంకొక ఎర్ర తువ్వాల ఉండాదా నీ కాడ? ఏడు తర్వాత మా ఇంటి తలుపుకు కావాల."

భుజం మీదిది తీసి ఇచ్చాను.