రాకుమారిని తినని రాక్షసి

ఆ వేసవిలో కుట్టు మిషను ఆగిపోవడమంటే నాకు చచ్చేంత భయంగా ఉండేది.

ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయి ఇంట్లో ఉన్నాను. తిరువూరు బస్టాండు వెనక సందులో నా స్నేహితురాలి ఇల్లు. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. మామిడికాయల సీజను వచ్చిందంటే ఆయన ఇంట్లో కనబడేవాడు కాదు. వాళ్లమ్మ ముందు గదిలో రెండు మిషన్లు వేసుకుని జాకెట్లు కుట్టేది, సెలవుల్లో ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. నేనావిడను పిన్నీ అని పిలిచేదాన్ని. మా నాన్న బడిపంతులు. "వాళ్లు ముస్లింలైతే ఏం, ఆవిడ చేతికుట్టు ఎంత నీటుగా ఉంటుందో! నువ్వూ నేర్చుకో" అని మా అమ్మే నన్ను అక్కడ చేర్పించింది.

మాతో పాటు ఒక అక్క కూడా వచ్చేది. మా వీధి చివర ఇల్లు వాళ్లది. టీచరు ట్రైనింగు చదివి వచ్చింది, పెళ్లి కుదిరింది. అత్తారింటికి వెళ్లేలోపు కుట్టు నేర్చుకోవాలని వాళ్లమ్మ పంపేది. తల వంచుకుని మిషను తొక్కడమే తప్ప ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. నవ్వగా నేను చూడలేదు.

నేనూ నా స్నేహితురాలూ మూలన చాప మీద కూర్చుని జాకెట్లకు హుక్సులు కుట్టేవాళ్లం. మిషన్ల చప్పుడు, పైన ఫ్యాను గరగర. ఆ చప్పుడు చాటున ఆమె నాకు కథ చెప్పేది.

రాకుమార్తెల కథలంటే మా ఇద్దరికీ పిచ్చి. అద్దె పుస్తకాల షాపులో ఉన్నవన్నీ చదివేశాం. గుహలో రాకుమారి, కాపలాగా రాక్షసుడు, ఏడు సముద్రాలు దాటి వచ్చే రాకుమారుడు. ఒక రోజు హుక్కు కుడుతూ కుడుతూ నా స్నేహితురాలు, "ఎప్పుడూ రాక్షసుడేనా? ఈసారి రాక్షసి" అంది. అలా మొదలైంది.

ఆ రాక్షసి పేరుకే రాక్షసి. బల్లిని చూస్తే కెవ్వుమంటుంది. నెయ్యేసిన పప్పన్నం తప్ప ఇంకేదీ సహించదు. రాక్షసుల్లో ఈడొచ్చిన ప్రతి పిల్లా ఒక రాకుమారిని తినాలట, తినకపోతే సంబంధాలు రావట. తల్లి పోరు పడలేక వెళ్లి ఒక రాకుమారిని ఎత్తుకొచ్చింది. ఆ రాకుమారి భయపడకపోగా, "ముందు ఆ జుట్టేంటి అలా ఉంది, ఇటు కూర్చో" అని కొమ్ముల చుట్టూ దువ్వి జడ వేసింది. అంతే, రాక్షసి కొమ్ముకు ఒక మల్లెమొగ్గ పూసింది. అప్పట్నుంచి రాకుమారిని చూసినప్పుడల్లా కొమ్ములు మొగ్గ తొడగడం, వాటిని తుంపి బండల సందుల్లో దాచడం. గుహంతా ఒకటే గుబాళింపు. పక్క గుహల రాక్షసులు ముక్కులు ఎగబీలుస్తూ వచ్చి, "ఎవరింట్లోదిరా ఈ మల్లెపూల వాసన?" అని అడుగుతుంటే పాపం ఆమెకు ముచ్చెమటలు.

నేను నోట్లో ఓణీ కుక్కుకుని నవ్వేదాన్ని. నవ్వుతూనే భయపడేదాన్ని. కథ వింటున్నంతసేపూ నా స్నేహితురాలి మోచెయ్యి నా మోచేతికి తగులుతూ ఉండేది. ఆ తగలడం కోసమే పొద్దున లేస్తున్నానని నాకు తెలుసు. దానికి ఏం పేరు పెట్టాలో తెలియదు. ఎవరికీ చెప్పకూడదని మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఆ రోజుల్లోనే పేపర్లో ఒక చిన్న వార్త పడింది. ఎక్కడో ఒక ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలు ఒకరిని విడిచి ఒకరు ఉండలేమని పురుగుల మందు తాగారట. మా నాన్న చదివి పేపరు మడిచేశాడు. మా అమ్మ, "ఛీ, ఇలాంటివి పేపర్లో ఎందుకేస్తారో" అంది. నేను అన్నం కలుపుకుంటున్నాను. ముద్ద నోటిదాకా రాలేదు. పత్తి చేలున్న ప్రతి ఇంటి వసారాలోనూ ఆ డబ్బాలు ఉంటాయి. ఎవరి ఇంటికి వెళ్లినా వాటిని చూడకుండా తల తిప్పుకోవడం అప్పుడే మొదలుపెట్టాను.

నా స్నేహితురాలు కూడా ఆ వార్త చదివింది. మేం దాని గురించి మాట్లాడుకోలేదు. కానీ మర్నాటి నుంచి ఆమె కథ ముందుకు సాగలేదు. "చివరికి ఏమవుతుందే?" అని అడిగితే సూది వైపే చూసేది. "ఏదైనా వరం ఇచ్చి రాక్షసిని మగాడిగా మార్చాలి. లేకపోతే ఇద్దరూ చచ్చిపోవాలి. ఇంకోలా ఎక్కడా చదవలేదే" అంది ఒకసారి. ఆమె మళ్లీ తనే, "నాకు రెండూ ఇష్టం లేదు" అంది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పిన్ని వరండాలో ఎవరికో జాకెట్టు కొలతలు తీసుకుంటోంది. లోపల ఒక్క మిషనే నడుస్తోంది, అక్క తొక్కుతోంది. కథ మళ్లీ కాస్త కదిలి నా స్నేహితురాలికి హుషారు వచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. అదే క్షణంలో అక్క మిషనుకు దారం తెగింది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అందులో నా స్నేహితురాలి గొంతు గణగణా మోగింది.

"అప్పుడు రాక్షసి ఏమందంటే, నేను నిన్ను తినను, పెళ్లి చేసుకుంటాను అంది!"

అక్క తలెత్తింది. మమ్మల్ని ఇద్దర్నీ చూసింది. ఆనుకుని ఉన్న మా మోచేతుల్ని చూసింది. నేను గబుక్కున పక్కకు జరిగాను. జరిగాక తెలిసింది, జరగడమే తప్పయిందని. అక్క తల దించింది. దారం ఎక్కించుకుని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత రోజులెలా గడిచాయో! వీధిలో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి మాట్లాడుకుంటుంటే నా గురించే అనుకునేదాన్ని. మా అమ్మ "ఇటు రావే" అని పిలిస్తే చేతిలో పని వదిలేసి నిలబడిపోయేదాన్ని, తీరా వెళ్తే పప్పు ఏరమనేది. మా నాన్న సైకిలు స్టాండు వేసే చప్పుడును బట్టి ఆయనకు తెలిసిందో లేదో ఊహించుకునేదాన్ని. కుట్టు దగ్గర నేనూ నా స్నేహితురాలూ చాపకు చెరో కొనన కూర్చున్నాం. కథ లేదు. అక్క మాత్రం ఎప్పటిలాగే వచ్చేది, ఎప్పటిలాగే వెళ్లేది. ఆమె ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. తిట్టినా ఒక దారే కదా.

ఒక రోజు సాయంత్రం నేను కాలేజీ పుస్తకాలకు అట్టలు వేస్తుంటే గుమ్మంలో అక్క కనబడింది. అట్టలు అక్కడే వదిలేసి లేచాను. మా అమ్మ కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. నేను వంటింటి తలుపు వెనక నిలబడి వింటున్నాను.

"పెళ్లికి తప్పకుండా రావాలండి" అంటూ అక్క శుభలేఖ ఇచ్చింది.

"రాకుండా ఎలా ఉంటామమ్మా!"

"ఇంకోటండి. మీ అమ్మాయిని ఒకసారి నాతో బజారుకు పంపిస్తారా? లేసులు కొనుక్కోవాలి, తోడెవరూ లేరు."

మా అమ్మ సంతోషంగా పంపింది. వీధి మలుపు తిరిగేదాకా అక్క నాకంటే రెండడుగులు ముందే నడిచింది. నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తోంది. మామిడికాయల లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి అడిగింది.

"ఏమే, ఆ రాక్షసి సంగతి ఏమైంది?"

"ఏ రాక్షసక్కా?" అన్నాను.

"నాటకాలాడకు. మొదట్నుంచీ వింటున్నా. మిషను తొక్కేవాళ్లకు చెవులుండవనుకున్నారా? జడ వేసిన కాడ్నించి తెలుసు నాకు."

నాకు ఏడుపొచ్చింది. "అక్కా, ఎవరికీ చెప్పొద్దక్కా. ఇంకెప్పుడూ చెప్పుకోం."

ఆమె నడుస్తున్నదల్లా ఆగింది. "చెప్పడానికి కాదే నిన్ను పిలిచింది. ఎందుకు ఆపేశారు? నేను పదిహేనో తారీఖున వెళ్లిపోతున్నా. ఈలోపు అది చివరికేమయిందో తెలియాలి నాకు." బజారు వైపు చూస్తూ అంది. "ట్రైనింగప్పుడు హాస్టల్లో నాకూ ఒక స్నేహితురాలుండేది." అంతే. ఆ వాక్యం ఇంకా ముందుకు వెళ్తుందనుకుని చాలాసేపు ఎదురుచూశాను. ఆమె లేసుల కొట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఈ సంగతి చెబితే నా స్నేహితురాలు నమ్మలేదు. "ఇదేదో మనల్ని పట్టించడానికే" అంది. నాకూ ఆ అనుమానం పోలేదు. కానీ ఆ మధ్యాహ్నం పిన్ని కూరగాయలకు వెళ్లగానే అక్క మాకు దగ్గరున్న మిషను మీదకు మారింది. సూది కింద గుడ్డ పెట్టలేదు. ఊరికే తొక్కడం మొదలుపెట్టింది. గది నిండా చప్పుడు. "ఊఁ, కానీ. నేను ఆపను" అంది.

నా స్నేహితురాలు చెప్పింది. రాకుమారీ రాక్షసీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని రాజుగారి కొలువుకు వెళ్లారు. రాజు మండిపడి సింహాసనం మీంచి లేచాడు. రాక్షసికి మోకాళ్లు కొట్టుకుంటున్నాయి. అంత భయంలోనూ పక్కనున్న రాకుమారిని ఒక్కసారి చూసుకుంది. ఇంకేముంది, నిండు సభలో కొమ్ముల నిండా మల్లెలు విరగబూశాయి. రాజుగారికేమో మల్లెపూలు పడవు. "దీన్ని ఉరి తీ... హాచ్చా!" మళ్లీ ఊపిరి పీల్చుకుని, "దీని తల న... హాచ్చా!" ముసలి మంత్రి చెవికి చెయ్యి ఆనించి విని, సభకు తిరిగి, "మహారాజులుంగారు అచ్చా అంటున్నారు! రెండుసార్లు అన్నారు! బాజాలు కొట్టండహో!" అన్నాడు.

అక్క నవ్వింది. కాళ్లు మాత్రం మిషను తొక్కుతూనే ఉన్నాయి, ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది.

"ఎవరికీ శాపం తగల్లేదా?"

"లేదక్కా."

"ఎవరూ మగాడిగా మారలేదా?"

"లేదు."

"ఇద్దరూ బతికే ఉన్నారా?"

"బతికే ఉన్నారక్కా. ఆ పూట పప్పన్నం తిన్నారు కూడా" అంది నా స్నేహితురాలు.

అక్క ఇంకేమీ అడగలేదు. పెళ్లయి గంపలగూడెం వైపు వెళ్లిపోయింది. తర్వాత ఒకసారి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిందని పిన్ని చెప్పింది. మేం అప్పుడు కాలేజీలో ఉన్నాం.

ఆమె వెళ్లాక ఒక సాయంత్రం నా స్నేహితురాలు నన్ను మా వీధి దాకా దిగబెట్టడానికి వచ్చింది. దారిలో ఎవరూ లేని చోట, "ఆ రాకుమారి నువ్వేనని తెలుసా నీకు?" అంది.

"తెలుసు."

"మరి ఇన్నాళ్లూ అనలేదే?"

"భయం."

"నాకు మాత్రం భయం కాదా? అందుకేగా నేను కొమ్ములు పెట్టుకున్నది" అంది.

ఆ తర్వాత మా భయం తగ్గిందని చెప్పలేను. చదువులు అయ్యాక ఇద్దరం విజయవాడ చేరాం. నేను ఒక స్కూల్లో, ఆమె ఒక రెడీమేడు బట్టల షాపులో. మేడ మీద ఒక గది తీసుకున్నాం. ఇంటావిడ, "మీరిద్దరూ ఏమవుతారమ్మా?" అని అడిగితే "ఒక ఊరి వాళ్లమండి" అని చెప్పి, ఆ జవాబు ఆవిడకు సరిపోయిందో లేదో అని నెల పొడుగునా ఆవిడ మొహమే చూశాం. మా అమ్మ ఫోనులో సంబంధాల ఊసెత్తితే సరిగా వినబడడం లేదని పెట్టేసేదాన్ని. ఇప్పటికీ అంతే.

ఆ రోజుల్లోనే నెట్ సెంటరులో ఇంగ్లీషు కథలు దొరికాయి. ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసి పెట్టినవి. మంత్రాల బడులు, మాట్లాడే దయ్యాలు, ఒకర్నొకరు ఇష్టపడే అమ్మాయిలు, కడుపు చెక్కలయ్యే నవ్వులు. అవి పదహారేళ్ల పిల్లల కోసం రాసినవని తెలిసి మొదట సిగ్గేసింది. పదహారేళ్లప్పుడు నాకెవరూ ఇవ్వలేదు కదా, ఇప్పుడు చదువుకుంటానని సర్దిచెప్పుకున్నాను. క్యాబిన్ తలుపు సగానికే ఉండేది. వెనక అడుగుల చప్పుడైతే పేజీ మార్చేసేదాన్ని. లేచేముందు చూసినవన్నీ చెరిపేయడం నేర్చుకున్నాను.

ఒక ఆదివారం నా స్నేహితురాలిని కూడా తీసుకెళ్లాను. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇరుకు క్యాబిన్లో పక్కపక్కన కూర్చుని, గుసగుసగా తెలుగు చేసి చెబుతున్నాను. ఒక మంత్రగత్తె పిల్ల తన క్లాసులో అమ్మాయికి ప్రేమలేఖ రాస్తుంది. మంత్రం తప్పి ఆ కాగితం కప్ప అయిపోతుంది. ఆ కప్ప ఊరంతా గెంతుతూ, లేఖలో ఉన్నదంతా బజార్లో పైకి చదివేస్తుంటుంది.

అది చెబుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఊరందరికీ వినబడిపోవడం! నా జీవితంలో నేను భయపడిందంతా అదే. కానీ ఆ కథలో ఆ రెండో అమ్మాయి కప్పను దోసిట్లో పట్టుకుని, "మిగతాది ఇంటికెళ్లి చెబుదువుగాని పద" అంటుంది. రచయిత ఎవరో గాని, నా భయాన్ని తీసి గెంతే కప్పను చేశారు. ఈ కథల కోసం నేనెందుకంత తపించిపోయానో అప్పుడర్థమైంది. వాటిలోనూ భయం ఉంటుంది. కానీ దానివల్ల ఎవరూ చావరు.

నా స్నేహితురాలు పకపకా నవ్వింది. సెంటరంతా వినబడింది. పక్క క్యాబిన్లో టైపు చప్పుడు ఆగింది. నేను పేజీ మూసేశాను. ఓనరు వచ్చి సగం తలుపు మీంచి తొంగిచూశాడు. "ఏంటమ్మా?"

నేను కీబోర్డు వైపు చూశాను.

"కథండి" అంది నా స్నేహితురాలు. "ప్రేమ కథ. నవ్వొచ్చింది."

"కాస్త మెల్లగా నవ్వండమ్మా, పక్కన రిజల్ట్స్ చూసుకుంటున్నారు" అని, టైము అయిపోయిందని చెప్పి వెళ్లాడు. ఇక పోదామని నేను చున్నీ సర్దుకున్నాను. ఆమె నన్ను కూర్చోమని భుజం నొక్కి, ఇంకో అరగంట కావాలని అడగడానికి కౌంటరు దగ్గరికి వెళ్లింది.