నాన్న ఆరాధన మానిన ఆదివారం

ఎల్బీ నగర్ దవాఖానలో బైపాస్ చేయించుకుని ఇంటికొచ్చాక నాన్న అడిగింది ఒక్కటే. కొచ్చిలో యూదుల పాత సమాజమందిరం, అంటే వాళ్ల గుడి, చూడాలట. ఎప్పుడో సముద్రం దాటొచ్చిన వాళ్లకు అక్కడి రాజు స్థలమిచ్చాడట. "మనం పాడే బైబిల్ కీర్తనలు వాళ్లయే కద బిడ్డా" అన్నాడు.

మన్సూరాబాద్‌లో మా చర్చికి నాన్న పెద్ద. ఆదివారం ఆరాధన మానడం ఆయనకు తెలీదు. దవాఖాన మంచం మీద కూడా ఫోన్లో ప్రసంగం విన్నాడు. "ఆదివారం వాళ్లకు ఆరాధన ఉంటది, అడ్డం పోవద్దు. శనివారం చూద్దాం" అని అమ్మకూ కలిపి ముగ్గురికి నాతో టికెట్లు తీయించాడు. ఆదివారం పొద్దున అక్కడే ఏదో చర్చికి పోయి, మధ్యాహ్నం తిరుగు రైలెక్కాలి.

శనివారం వెళ్తే తాళం! యూదుల విశ్రాంతి దినం. ఏళ్లతరబడి సండే స్కూల్ పిల్లలకు ఆ పాఠమే చెప్పిన మనిషి! నాకు ఒళ్లు మండింది. "నాన్నా, నీకన్న యాదికి రాలేదా?" అంటే మెట్టు మీద కూలబడ్డాడు. ఆదివారం పొద్దున తెరుస్తారట. అంటే చర్చి అన్నా మానాలి, ఇది చూడకుండా అన్నా పోవాలి. ఆయన ముఖం చూసి నా కోపం నీరుగారిపోయింది.

"నడువుండ్రి, పోదాం. ఆరాధన మానుడా?" అన్నాడు.

అమ్మ ఆయన మీదికి లేచింది. "ఏసయ్య పుట్టింటోళ్ల గుడికి పోతే ఏసయ్య అలుగుతడా? మల్ల ఎప్పుడొస్తవ్, గీ గుండెతోని?"

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. కాపలా ముసలాయన తల కప్పుకోమన్నాడు. మా చర్చిలో మగవాళ్లు తల కప్పుకుని ప్రార్థన చేయరు. చలికాలం మంకీ క్యాప్ కూడా గుమ్మంలోనే తీసేసే నాన్న, రుమాలు పట్టుకుని అమ్మ వైపు చూశాడు. అమ్మ కళ్లతోనే గదమాయించింది. కట్టుకున్నాడు.

పైన గాజు దీపాలు, కింద నేలంతా నీలిపూల చీనా పింగాణీ పలకలు. ముసలాయన ఇంగ్లీషులో చెప్పింది నేను నాన్నకు చెప్పాను. ఇక్కడి వాళ్లలో చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఆరాధన జరగాలంటే పదిమంది మగవాళ్లుండాలి, ఇప్పుడు అంతమంది లేరు. నాన్న బెంచీ మీద కూర్చుని, తనకు కంఠతా వచ్చిన కీర్తన ఒకటి మొత్తం మెల్లగా చదివాడు. చూడొచ్చిన జనాన్ని ముసలాయన కాసేపు అటు రానివ్వలేదు. హమ్మయ్య! ఆపరేషన్ అయి నాన్నను బయటికి తెచ్చిన రోజు తర్వాత నేను మళ్లీ అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

తర్వాతి వారం చర్చి గేటు దగ్గర పాస్టరయ్య అడగనే అడిగారు. "ఏంది పెద్దాయనా, పోయిన ఆదివారం ఆరాధన మానినవట?"



"మానలే అయ్యగారూ" అన్నాడు నాన్న. "యూదుల మందిరంల చేసొచ్చిన. పాపం, అక్కడ పదిమంది గూడ లేరు."