సల్తనత్ నీలం గేటు

మా వీధిలో సల్తనత్ నోటికి జడవని వాళ్ళు లేరు. రొట్టెల బట్టీ దగ్గర ఆవిడ వరస దాటి ముందుకొచ్చినా ఎవరూ కిక్కురుమనరు. అలాంటి మనిషి, మా ఊరు మర్గిలాన్‌లో ఇళ్ళ ముఖాలన్నీ ఒకేలా ఉండాలని ఉత్తర్వు వచ్చిన రోజున మా ముంగిట్లో కూలబడి ఏడ్చింది.

పెద్దవీధి వైపు గోడలన్నీ ఇసుక రంగు, గేట్లన్నీ మట్టి రంగు. అదీ ఉత్తర్వు. ఎవరిల్లు ఎవరిదో తెలియకుండా చెయ్యడానికి అంతమంది కూర్చుని ఆలోచించారా అని నాకు ఒళ్ళు మండింది.

సల్తనత్ గేటు నీలం. ఆవిడ భర్త ఎర్గష్ సైబీరియాకి కూలికి పోతూ తన చేత్తో వేసిన రంగది. "తాగొచ్చినా ఇల్లు తప్పను పో" అన్నాడట. తొమ్మిదేళ్ళయింది. ఫోన్లు రావడం ఆగిపోయీ చాలాకాలమైంది. పోయాడనుకుని దువా చదివిద్దామని అత్తింటివాళ్ళు వస్తే, వాళ్ళను గడప దిగమంది. ఏటా వసంతంలో ఆవిడ గేటుకి అదే నీలం మళ్ళీ వేస్తుంది.

"అన్నీ ఒకేలా ఉంటే ఆయన ఎవరి గేటు కొడతాడే?" అంది నాతో.

రంగులవాళ్ళు మసీదు వైపునుంచి మొదలెట్టారు. ముందు మేస్త్రీ నార్మత్, వెనక మా పేట పెద్ద హమ్దమ్. ఒక్కో గేటూ మట్టి రంగవుతూ ఇటే వస్తోంది. నా గేటూ అయిపోయింది. నేనేం చేశాను? టీ పోసిచ్చాను. సిగ్గులేని దాన్ని.

సల్తనత్ గడియ తీసి, గేటు రెక్కలు రెండూ వీధి వైపుకి బార్లా తోసేసింది. అలా తెరిస్తే నీలం ముఖం గోడకు ఆనుకుంటుంది, కుంచె పట్టదు. ఆవిడ ఎత్తు అంతే.

కానీ మా దగ్గర రెండు రెక్కలూ తెరిచేది పెళ్ళికో చావుకో. పెళ్ళయితే డోలు వినబడాలి. నార్మత్ గతుక్కుమన్నాడు. కుంచె డబ్బాలో పడేసి గోడవారన గొంతుక్కూర్చున్నాడు. కూలీలూ కూర్చుని, పోయినవాళ్ళకి చదివే దువా కోసం అరచేతులు పైకెత్తారు.

"ఎవరు పోయారక్కా?" అన్నాడు మెల్లగా.

సల్తనత్ మొహం పాలిపోయింది.

హమ్దమ్ గుంటనక్క. చటుక్కున అర్థం చేసుకున్నాడు. దగ్గరికొచ్చి, "చావింటికి రంగెయ్యరమ్మా. ఒక్క పేరు చెప్పు. ఏడాది దాకా నీ గేటు జోలికి రాకుండా నేను చూస్తా" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు.

ఏ పేరో వీధిలో అందరికీ తెలుసు. ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి.

"చెప్పెయ్యక్కా, నోటి మాటేగా" అన్నాను నేనే.

ఆవిడ నావైపు చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను. పెదవులు కదిలాయి. పేరు రాలేదు. గిరుక్కున తిరిగి, భుజం ఆనించి ఒక రెక్క మూసింది. రెండోదీ మూసింది.

"దించండ్రా ఆ చేతులు! మా ఇంట్లో ఎవరూ పోలేదు. మా ఆయన పనిమీద ఊరెళ్ళాడు."

"అయితే మరి రంగు..." నసిగాడు నార్మత్.

"వేసి చావు!"

అతను కుంచె ముంచాడు. సల్తనత్ తలగుడ్డ సర్దుకుని, వీధిలోకి మొహం పెట్టి అరుగు మీద కూర్చుంది.

"ఇక ఆయన నన్ను చూసే ఇల్లు పోల్చుకోవాలి" అంది.