చర్చి గుమ్మం దగ్గర వదిలేసిన బస్సు

సింగపూర్ వచ్చిన వారం రోజుల్లో మా మేనకోడలు నాకు షాపింగ్ మాల్స్ తప్ప ఏమీ చూపించలేదు. దొరల కాలం నాటి పాత పట్నమంతా తెలుగులో చెబుతూ బస్సులో తిప్పుతారని విని, శనివారం ఎనిమిదింటికి బెడోక్‌లో రైలెక్కి సిటీ హాల్‌లో దిగాను. మీరూ వెళ్తే టోపీ, నీళ్ల సీసా మరిచిపోకండి. తొమ్మిదికే చొక్కా తడిసిపోతుంది.

బస్సులో డజను మందిమి. గైడు రాజేశ్వరి ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, యాభై దాటాయి. టూర్ నడిపే కుర్రాడు కిరణ్ ఆమెతో ముందే తగువు పెట్టుకున్నాడు.

"అక్కా, చర్చి బయట ఫొటో, అంతే. లోపలికి తీసుకెళ్లావంటే ఆఖర్న షాపింగ్‌కి ఆగే మాల్‌కి లేటు. ఈసారి వినకపోతే నెక్స్ట్ సాటర్డే వేరే గైడ్ వస్తుంది."

"రానీ తమ్ముడూ. ఈ రోజు గైడు నేనే కదా లా!" అంది, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా.

నది ఒడ్డు, పాత కోర్టు, గవర్నర్ల విగ్రహాలు చకచకా అయిపోయాయి. పదిన్నరకు తెల్లటి చర్చి ముందు బస్సు ఆగింది. రాజేశ్వరి తిన్నగా లోపలికి దారి తీసింది. వెనకాలే, ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడే జురాంగ్ ఈస్ట్‌లో ఉంటున్న సలోమి ఆంటీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. అది చూసి మేమందరం అలవాటుగా వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాం. బూట్లతోనే లోపలికి పోతున్న ఊరివాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

కిరణ్ పరుగున వచ్చాడు. "అయ్యో ఆంటీ, ఇక్కడ ఎవరూ విప్పరు! మళ్లీ ఇవన్నీ కట్టుకునేసరికి మధ్యాహ్నమవుద్ది."

"ఇక్కడోళ్ల సంగతి నాకెందుకబ్బాయ్? మందిరంలోకి చెప్పులతో పోతే మా అమ్మ వీపు చీరేసేది. నీ బస్సులో ఏసుకుంటాలే."

"బస్సు వెళ్లిపోతోంది. మాల్‌కి వచ్చేవాళ్లు ఎక్కండి."

పిల్లలున్న ఒక కుటుంబం ఎక్కింది. మిగతావాళ్లం కదల్లేదు.

లోపల నేల చల్లగా ఉంది. రాజేశ్వరి స్తంభం మీద అరచెయ్యి ఆనించింది. "మన ఇండియా నుంచి దొరలు సంకెళ్లేసి తెచ్చిన ఖైదీలు కట్టారండీ ఇది. గవ్వల సున్నం, గుడ్డు తెల్లసొన, బెల్లం, కొబ్బరి పీచు నానేసిన నీళ్లు కలిపి పూశారు. ఆరాక రాయితో రుద్ది రుద్ది ఇట్లా నున్నగా చేశారు. తాకి చూడండి."

అందరం తాకాం. సలోమి ఆంటీ చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

బయటికొచ్చేసరికి బస్సు లేదు. రాజేశ్వరి మమ్మల్ని నడిపించుకుంటూ మిగిలినవన్నీ చూపించి, ఒంటిగంటకు, చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో భోజనానికి కూర్చోబెట్టింది. చేపల కూర బాగుంది, కారం తక్కువ.

స్టేషన్‌లో విడిపోతుండగా ఆమె ఫోన్ మోగింది. చదివి మాకు చూపించింది. వచ్చే వారం నుంచి రావద్దని కిరణ్ మెసేజ్.

"ఆ చర్చికి తాళమేస్తాడా ఏంటి?" అంది సలోమి ఆంటీ. "వచ్చే శనివారం జురాంగ్ ఈస్ట్ నుంచి మా బ్లాకు ఆడోళ్లందర్నీ తోలుకొస్తా. నువ్వొచ్చి ఇదంతా వాళ్లకీ చెప్పు."

"వస్తా ఆంటీ. గైడు లైసెన్సు నా పేరు మీదుంది, వాడి పేరు మీద కాదు."

బెడోక్ రైల్లో కూర్చుని ఆలోచించాను. ఏ గవర్నరు ఏది కట్టించాడో చెప్పే గైడ్లు ప్రతి ఊళ్లోనూ దొరికారు. రాళ్లు మోసినవాళ్ల గురించి చెప్పినందుకు పని పోయినా, మళ్లీ అదే చెబుతానన్న మనిషి ఇక్కడే కనిపించింది. నా తిరుగు విమానం వచ్చే శనివారం మర్నాడే. ఆ శనివారం నేనూ వస్తానని ఆమెకు అప్పుడే మెసేజ్ పెట్టాను.