చెంచమ్మకు చెప్పాల్సిన జవాబు

నెల్లూరు బస్టాండులో ఆత్మకూరు బస్సు ఎక్కేసరికి ఉదయం ఆరూ నలభై అయింది. ముప్ఫై నాలుగేళ్లుగా నెల్లూరులో వకీలుగా ఉన్నాను. ఆత్మకూరు, ఉదయగిరి కోర్టులకు ఎన్నిసార్లు పోయానో గుర్తులేదు. ఎప్పుడు పోయినా నా కారులోనో, కక్షిదారు పంపిన జీపులోనో పోయాను. ఈసారి ఫైలు లేదు, వాయిదా లేదు. నల్లకోటు ఇంట్లోనే వదిలేశాను. ఒక మనిషిని కలిసి ఒక సంగతి చెప్పి రావాలి. అందుకు కారులో దిగడం బాగుండదనిపించింది.

నాలుగు రోజుల ముందు సుజాత ఫోన్ చేసింది. ఆమె ఒకప్పుడు నా దగ్గర జూనియరు, ఇప్పుడు ఆత్మకూరులో సొంతంగా ప్రాక్టీసు చేస్తోంది. "చెంచమ్మ ఆఫీసుకు వచ్చిపోయింది సార్. ఢిల్లీలో తన సంగతి చెప్పినారా లేదా అని మిమ్మల్ని అడగమనింది" అంది. చూద్దాంలే అని ఫోన్ పెట్టేశాను. తర్వాత కోర్టులో కూర్చున్నా, అన్నం ముందు కూర్చున్నా అదే ప్రశ్న.

చెంచమ్మది సీతారామపురం అవతల, చెరువు కట్ట కింద ఇరవై ఇళ్ల కాలనీ. కూలికి పోతారు, చేపలు పడతారు. మూడేళ్ల కిందట ఉదయగిరిలో న్యాయ సహాయ శిబిరం పెట్టినప్పుడు ఆమె నా ముందుకు వచ్చి కూర్చుంది. వేరొకరు వేలంలో పాడుకున్న చెరువులో చేపలు పట్టాడని ఆమె భర్త పోలయ్య మీద కేసు పెట్టారు. అరెస్టయిన పన్నెండో రోజునే బెయిలు వచ్చింది. కానీ బయటికి రావాలంటే పొలం కాగితమో, ఇంటి పన్ను రసీదో ఉన్న ఇద్దరు జామీను ఉండాలి. కాలనీలో అలాంటివాళ్లు ఒక్కరూ లేరు. ఊళ్లో రైతులు ఆ చెరువు గొడవలో తలదూర్చలేదు. బెయిలు కాగితం చేతిలో ఉండగానే పోలయ్య సబ్ జైల్లో అయిదు నెలలు గడిపేశాడు.

ఆ కేసు సుజాతకు అప్పగించాను. ఆమె పిటిషన్ వేసి, ఇంకో రెండు నెలలకు సొంత పూచీకత్తు మీద అతన్ని విడిపించింది. కానీ శిబిరం రోజునే చెంచమ్మ ఇంకో మాట అడిగింది. తన మొగుడు రేపోమాపో వస్తాడు, తర్వాత పట్టుకుపోయేవాడి సంగతేంది అని. పాత నేర చట్టాల స్థానంలో కొత్తవి తెస్తున్న రోజులవి. ముసాయిదాల మీద పార్లమెంటు సభ్యుల సంఘం ఒకటి లాయర్ల అభిప్రాయాలు వింటోంది. మా న్యాయవాదుల వేదిక తరఫున మాట్లాడడానికి నన్ను పంపుతున్నారు. ఆ గర్వం కొంత ఉన్నట్టుంది నాలో. చట్టాలు చేసే చోటికే పోతున్నాను, నీ సంగతి అక్కడే చెబుతానని ఆమెకు మాటిచ్చాను. ఆమె చెప్పిందంతా ఒక కాగితం మీద రాసుకుని, వేలిముద్ర కూడా తీసుకున్నాను.

బస్సు బుచ్చిరెడ్డిపాలెం దాటేసరికి నిండిపోయింది. ఆడవాళ్లందరూ ఆధార్ కార్డులు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు వాళ్లకు సున్నా టికెట్టు. నా పక్కన ఒకామె సపోటాల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను టికెట్టుకు డబ్బులిస్తుంటే చూసి, "ఇన్నేళ్లు మేము కొన్నాము, ఇంక మీరు కొనండి సార్" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈ చట్టాలూ జీవోలూ ఎవరి చేతికి ఎలా అందుతాయో చూడాలంటే ఇలా బస్సులో పోవాలి అనుకున్నాను. సంగం దగ్గర పెన్నలో నీళ్లు బాగానే ఉన్నాయి.

ఎనిమిదీ ఇరవైకి ఆత్మకూరులో దిగాను. బస్టాండు ఎదురు హోటల్లో ఇడ్లీ తిని సుజాత ఆఫీసుకు నడిచాను. గది చిన్నదే కానీ పద్ధతిగా ఉంది. కుర్చీ వెనక గోడకు ఒక పట్టిక అంటించి ఉంది. ఎడమవైపు పాత సెక్షన్ల నంబర్లు, కుడివైపు కొత్తవి. నేను దానివైపే చూస్తుండడం గమనించి, కొత్తలో అవసరం పడేది, మూడు వారాల్లో అలవాటైపోయింది, ఇప్పుడు ఎవరూ దాని మొహం చూడరు అంది.

అప్పుడు కూర్చుని ఆమెకు ఢిల్లీ సంగతి మొత్తం చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

మాకు ఏడు నిమిషాలిచ్చారు. ఆ ఏడు నిమిషాలూ నేను సెక్షన్ల నంబర్ల గురించే మాట్లాడాను. లాయర్లకూ పోలీసులకూ కంఠతా వచ్చిన నంబర్లు మారిపోతాయని, పుస్తకాలన్నీ పనికిరాకుండా పోతాయని, మాకు వ్యవధి కావాలని. సభ్యులు ఓపిగ్గా విన్నారు, రాసుకున్నారు. చివర్లో వేరే రాష్ట్రపు మహిళా సభ్యురాలు ఒకరు, పేదవాళ్ల బెయిలు విషయంలో మీరేమైనా చెప్పదలచుకున్నారా అని నన్నే చూసి అడిగారు. చెంచమ్మ కాగితం నా ఫైల్లోనే ఉంది. డబ్బూ ఆస్తీ లేనివాణ్ని సొంత పూచీకత్తు మీద "వదలవచ్చు" అని ఉన్నచోట "వదలాలి" అని రాయమనడమే ఆ కాగితంలోని కోరిక. ఒక్క మాట మార్పు. కానీ పక్కన మా వేదిక పెద్దలు కూర్చున్నారు. ముందుగా అనుకున్నవి తప్ప వేరే ఎత్తకూడదని రైల్లోనే తీర్మానించుకున్నాం. పైగా అంత పెద్ద గదిలో, అంతమంది పెద్దల ముందు, చేపల కేసు గురించి మాట్లాడితే జిల్లా కోర్టు వకీలు బుద్ధి పోనిచ్చుకోలేదనుకుంటారేమోనన్న సిగ్గు ఒకటి. "రాతపూర్వకంగా పంపుతామండీ" అన్నాను. పదిహేను రోజుల్లో పంపమన్నారు. తిరిగొచ్చాక వరసగా వాయిదాలు. పదిహేను రోజులు దాటిపోయాయి. ముసాయిదా చట్టమైపోయింది.

సుజాత పెన్నుకు మూత పెట్టేసింది. "మీరు చెప్పినా మార్చేవాళ్లు కాదేమో సార్" అంది. ఆ మాట మూడేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నానని అన్నాను.

చెంచమ్మ ఊరికే రాలేదని అప్పుడు చెప్పింది. ఆమె తమ్ముడి కొడుకు మాల్యాద్రిని ఒక బోరు మోటారు దొంగతనం కేసులో పట్టుకున్నారు. బెయిలు వచ్చింది. జామీనుకు మనుషుల్లేక యాభై మూడు రోజులుగా లోపలే ఉన్నాడు. సుజాత మళ్లీ పిటిషన్ వేసింది. పై కోర్టులు ఇలాంటివాళ్లను వదిలిపెట్టాలని చెబుతూనే ఉన్నాయి, ఒక్కో కేసుకు ఒక్కోసారి పోరాడాలి, అంతే అంది.

పదకొండూ పదికి ఉదయగిరి బస్సు దొరికింది. ఆత్మకూరు దాటాక పచ్చదనం పలచబడుతుంది. ఎర్రమన్ను, అక్కడక్కడా నిమ్మతోటలు, మళ్లీ బీడు. ఒంటిగంట దాటాక ఉదయగిరి కొండ కనిపించింది. బస్టాండు దగ్గర భోజనం బాగుంది, దోసకాయ పప్పు, గోంగూర. రెండింటికి సీతారామపురం బస్సు ఉందని హోటలాయన చెప్పాడు. ఆ బస్సు నా కళ్లముందే వచ్చి ఆగింది, జనం ఎక్కారు, కదిలింది. నేను ఎక్కలేదు. తిరుగు బస్సు దొరకదేమో అనుకున్నానని రాయవచ్చు, కానీ అది నిజం కాదు. ఆమెను చూడాలంటే భయం వేసింది.

ఆ మధ్యాహ్నం కొయ్య చెంచాలు చేసే వీధికి పోయాను. ఉదయగిరి పోయినవాళ్లు తప్పక చూడాలి. కొండ మీద దొరికే నర్ది అనే కర్రను చెక్కి, గీకి, చెంచాలూ ఫోర్కులూ తీస్తారు. పిడికి దువ్వెన పళ్లంత సన్నటి నగిషీ. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని చెంచాను నునుపు చేస్తున్న ఆమెను ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందని అడిగాను. "తప్పు పోకుండా చేస్తే గంట. తప్పు పోతే ఇంక అది పొయ్యిలోకే" అంది. రెండు కొనుక్కుని, బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, నీళ్లు మాత్రం ఉప్పన.

మర్నాడు ఉదయం ఏడు గంటల బస్సు ఎక్కాను. పక్కన పొలానికి పోతున్న పెద్దరైతు ఒకాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే కాలనీ పేరు చెప్పాను. "ఆడికా? ఊళ్లో ఏదన్నా పోతే పోలీసోళ్లు మొదట పోయేది ఆడికే సార్" అన్నాడు. వాళ్లే దొంగిలిస్తారా అని అడిగాను. "అదేం లేదు. దగ్గర కదా" అన్నాడు. వాళ్లకెప్పుడైనా జామీను ఉన్నారా అంటే, ఉండాలనే ఉంటుందనీ, రేపు వాడు వాయిదాకు రాకపోతే కోర్టు తన గడప తొక్కుతుందని భయమనీ చెప్పాడు. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను.

సీతారామపురంలో దిగి షేర్ ఆటోలో కొంత దూరం, తర్వాత కట్ట మీద అరగంట నడక. తొమ్మిదిన్నరకు కాలనీ చేరాను. చెంచమ్మ నన్ను చూడగానే గుర్తుపట్టి నవ్వింది. పోలయ్య వాకిట్లో కూర్చుని గంప అల్లుతున్నాడు. ఏడు నెలలు లోపలుండి వచ్చాక అతను చెరువులో దిగడం మానేశాడట. నీళ్లంటే భయం కాదు, ఒడ్డున ఎవరైనా నిలబడి చూస్తే వల వదిలేసి గట్టెక్కేస్తాడని ఆమె చెప్పింది. మాల్యాద్రి తల్లి కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంకో నలుగురైదుగురు చేరారు.

టీ ఇచ్చారు. నేను వచ్చిన పని చెప్పాను. ఏమీ దాచలేదు. ఏడు నిమిషాలు, నంబర్లు, ఆ మహిళా సభ్యురాలి ప్రశ్న, నా జవాబు, పంపని కాగితం.

చెంచమ్మ మొహంలో నవ్వు పోవడానికి కొంతసేపు పట్టింది. సరిగ్గా విన్నానా అన్నట్టు చూసింది.

"వాళ్లు అడిగినా చెప్పలేదా సార్?"

లేదమ్మా అన్నాను.

"వాళ్లు ఇనలేదేమో అనుకున్నా. నీకు మాట్లాడేదానికి టయం ఇచ్చిండరేమో అనుకున్నా" అంది. గొంతు పెంచలేదు. "మా సంగతి ఢిల్లీకి పోయిందని అందరికీ చెప్పుకున్నాను. మాల్యాద్రిని పట్టుకపోయిన రోజు కూడా వాళ్లమ్మకు అదే చెప్పినాను. కొత్త చట్టం వచ్చిండాది, వారంలో వస్తాడులే అని."

మాల్యాద్రి తల్లి తల దించుకుంది. కోర్టులో ఇంతకాలం ఎన్నో ఓడిపోయాను. ఓడిన కేసుకు కక్షిదారు ముందు నిలబడడం నాకు తెలుసు. వేయని కేసుకు ఎలా నిలబడాలో తెలియలేదు.

చివరికి నేనే మాల్యాద్రికి జామీను ఉంటానన్నాను. వకాలతు సుజాతది, నాది కాదు, ఇల్లు నా పేరున ఉంది, అడ్డు లేదు. ఆ తల్లి చేతులు జోడించబోతే ఆపాను. రెండో జామీనుదారుగా ఎవరైనా వస్తారా అని నేను లోలోపల లెక్క వేసుకుంటుండగా పోలయ్య గంప పక్కన పెట్టి, ఒక రైతు గురించి చెప్పాడు, ఆనవాళ్లు వింటే బస్సులో నా పక్కన కూర్చున్నాయనే. ఆయన మంచోడేనని, లాయరు ఒకడు ముందు సంతకం పెడితే ఆయన కూడా పెడతాడని పోలయ్య అన్నాడు. అలాగే అడిగి చూద్దామన్నాను.

చెంచమ్మ మాత్రం నన్నే చూస్తోంది. "మాల్యాద్రికి ఉంటావు. బానే ఉండాది సార్. ఆ తర్వాతోడికి?"

మూడేళ్ల కిందట శిబిరంలో అడిగిన ప్రశ్నే. అప్పుడు దానికి నా దగ్గర జవాబు ఉంది. మళ్లీ రాస్తాను, ఈసారి పంపుతాను అన్నాను. "రాయి. రాసేవరకూ ఎవురికీ మాటియ్యబాకు" అంది. కట్ట ఎక్కేదాకా తోడు వచ్చి, అక్కడినుంచి వెనక్కి తిరిగింది.

ఆ రైతు తన పొలంలోనే దొరికాడు. ఇంట్లో అడిగి చెబుతానన్నాడు. మధ్యాహ్నానికి ఉదయగిరి చేరి, వింజమూరు మీదుగా నెల్లూరు పోయే రెండున్నర బస్సు ఎక్కాను. వింజమూరులో స్కూలు పిల్లలు ఎక్కి, దిగి, బస్సు మళ్లీ ఖాళీ అయింది. ఒళ్లో సంచి పెట్టుకుని ఆ మహిళా సభ్యురాలికి ఉత్తరం మొదలుపెట్టాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి, ఇంటికెళ్లి తిరగరాశాను. జవాబు కూడా వచ్చింది. చట్టం ఆమోదం పొందింది కాబట్టి, సవరణలు వచ్చినప్పుడు ఈ సంగతి తప్పక సభ దృష్టికి తెస్తానని మర్యాదగా రాశారు. అడిగిన రోజున చెప్పి ఉంటే మారేదా అంటే నాకు తెలియదు. అది తెలుసుకునే అవకాశం పోగొట్టింది నేనే.

తర్వాతి సోమవారం ఇంటి పన్ను రసీదు, ఆధార్ పట్టుకుని కోర్టుకు వెళ్లాను. ఆ రైతు నాకంటే ముందే వచ్చి వరండాలో నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి మాల్యాద్రి బయటికి వచ్చాడు. చెంచమ్మ రాలేదు.

ఉదయగిరి పోయేవారు కొండ ఎక్కండి, చెంచాలు కొనుక్కోండి. మా వృత్తిలోవాళ్లు ఎవరికైనా చట్టం మీద అభిప్రాయం చెప్పమని ఢిల్లీ నుంచి పిలుపు వస్తే, రైలెక్కే ముందు సీతారామపురం బస్సు ఎక్కండి. ఉదయగిరిలో పొద్దున ఏడింటికి ఉంటుంది. నేను మూడేళ్లు ఆలస్యంగా ఎక్కాను.