నొప్పికి రుజువు అడిగిన తల్లిని

మీ ఎదుట ఒక ఆడపిల్ల కడుపు పట్టుకుని వంగిపోయి నొప్పి అంటే, నమ్మడానికి మీకు ఇంకేం రుజువు కావాలి?

నేను అడిగాను. తొమ్మిదేళ్ళ పాటు అడిగాను. అదీ నా కన్నకూతురు చేతనను. రుజువు లేకుండా దేన్నీ నమ్మకూడదని సభల్లో చెప్పి, వ్యాసాల్లో రాసిన మనిషిని నేను. అందుకే ఈ అనుభవం రాయడం నాకు కష్టంగా ఉంది. రాయకుండా ఉంటే మాత్రం అది అబద్ధమాడినట్టే.

మాది చెన్నై చూలైలో నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. మా ఆయనకు ఇంటి కిందే చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. నేను బడిలో సైన్సు టీచరుగా పనిచేశాను. పెళ్ళై ఈ ఇంటికి వచ్చేసరికి మా అత్తమ్మ ఇంట్లో ఆడవాళ్ళను నెలకు మూడు రోజులు వెనక వసారాలో కూర్చోబెట్టేది. వాళ్ళకు వేరే చాప, వేరే గ్లాసు. నేను ఒప్పుకోలేదు. నెలసరి శరీరం చేసే మామూలు పని, అది మైలా కాదు, రోగమూ కాదు అని నెలల తరబడి వాదించాను. చివరికి ఒక రోజు ఆ చాప తీసుకెళ్ళి వీధి చివర చెత్తకుండీలో వేసి వచ్చాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ వేరుగా కూర్చోలేదు. ఆ మూడు రోజుల్లో ఎవరూ నడుం వాల్చనూ లేదు. ఈ రెండో సంగతి చాలా ఏళ్ళ దాకా నా దృష్టికి రాలేదు.

ఏదో తేడా ఉందని తెలియవలసిన రోజు నాకు బాగా గుర్తుంది. చేతనకు అప్పుడు పద్నాలుగేళ్ళు. యూనిఫాం వేసుకుని, ఒక చేత్తో టిఫిన్ బాక్సు, ఇంకో చేత్తో వంటింటి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. తిన్న ఇడ్లీ అంతకుముందే వాంతి చేసుకుంది. పెదాల్లో రంగు లేదు. అత్తమ్మ కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టేసింది.

"ఏమ్మే, బిడ్డని ఈ పొద్దు బడికి పంపబాక. అది మామూలు నొప్పి కాదు. నేను ఎంతమంది ఆడోళ్ళని చూడలా! గోడ పట్టుకోని నడస్తా ఉంది చూడు."

"మామూలేనత్తమ్మా. మీరు దాని తలలో భయం పెట్టొద్దు."

"నేనేడ పెడతా ఉండా? నీ మీటింగు మాటలు ఆ కడుపుకి తెలవదు గదమే!"

నేను నవ్వాను. చేతనతో, "పరీక్ష రాసి రా, నడిస్తే సర్దుకుంటుంది" అన్నాను. అది వెళ్ళింది.

అత్తమ్మ మాట నేనెందుకు వినలేదు? ఆ మాట అన్నది చాప వేసిన మనిషి కాబట్టి. ఆచారం తప్పు కాబట్టి ఆచారం పాటించే మనిషి కళ్ళు కూడా తప్పే చూస్తాయని అనుకున్నాను. ఇది ఏ తర్కం? నా ఎదుట ఎవరైనా సభలో ఇలా వాదిస్తే రెండు నిమిషాల్లో చీల్చి చెండాడేదాన్ని. ఇంట్లో మాత్రం అదే నా తర్కమైంది.

మరుసటి ఏడాది మా మిత్రులు కొందరు కలిసి ఒక సభ పెట్టారు. నెలసరి మీద ఉన్న మూఢనమ్మకాల గురించి. ఒక స్కూలు పిల్ల మాట్లాడితే బాగుంటుందన్నారు. నేను చేతనను తీసుకెళ్ళాను. ఆ రోజు దానికి నెలసరి రెండో రోజు. నాకు తెలుసు. తెలిసే, ఇంతకంటే మంచి సందర్భం ఉండదనుకున్నాను. అది మైకు స్టాండు గట్టిగా పట్టుకుని, "ఇది జబ్బు కాదు, సిగ్గుపడాల్సింది కాదు, నేను ఈ రోజు కూడా అందరిలాగే ఉన్నాను" అని చక్కగా మాట్లాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. దిగి వచ్చి స్టేజి వెనక మెట్ల మీద వాంతి చేసుకుంది. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "మా, నొప్పి మా, నిలబడలేను" అంది.

"ఎవరైనా చూస్తే మనం చెప్పిన మాట పోతుంది. లేచి ముఖం కడుక్కో" అన్నాను.

అది లేచింది, ముఖం కడుక్కుంది. ఆ తర్వాత నా దగ్గర నొప్పి అన్న మాట ఎత్తలేదు. నేను తగ్గిందనుకున్నాను.

కాలేజీ అయింది. తిరువొత్తియూరులో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. రోజూ లోకల్ ట్రైనులో వెళ్ళి వచ్చేది. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ నొప్పి మాత్రల పట్టీ ఉండేదట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. దానికి ఇరవై మూడో ఏట, ఒక మధ్యాహ్నం ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది. చేతన పడిపోయిందని, అక్కడికి దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళామని చెప్పారు. నేను పరుగెత్తుకెళ్ళాను.

డ్యూటీ డాక్టరు గ్యాస్ అన్నాడు. అల్ట్రాసౌండ్ తీశారు, "స్కాన్ నార్మల్" అన్నారు. అది చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను, చూశావా అన్నట్టు చేతన వైపు చూశాను కూడా. అది ముఖం తిప్పుకుంది. ఆ నెల పోయి ఇంకో నెల వచ్చింది, మళ్ళీ అదే. ఈసారి ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన రిపోర్టు తిరగేసి, "పెళ్ళి చేసెయ్యండమ్మా, ఒక బిడ్డ పుడితే అంతా క్లియర్ అయిపోతుంది" అన్నాడు.

"పెళ్ళి ఏ మెడికల్ షాపులో దొరుకుతుంది డాక్టర్? పూటకు ఎన్ని వేసుకోవాలి?" అని అడిగి బయటికి వచ్చేశాను. చాలా రోజుల తర్వాత చేతన నవ్వింది. నవ్వితే కడుపు లాగి, మెట్ల మీద కూర్చుండిపోయింది.

మూడోసారి వెళ్ళింది ఒక గైనకాలజిస్టు దగ్గరికి. ఆవిడ మాట్లాడింది తమిళంలో, నేను తెలుగులో రాస్తున్నాను. "నొప్పి ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది. నేను జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"అమ్మా, నొప్పి మీకా, ఆ అమ్మాయికా?"

అప్పుడు చేతన చెప్పింది. పద్నాలుగో ఏట మొదలైందని, నెలసరి రోజుల్లో విరేచనానికి వెళ్ళాలంటే లోపల కత్తితో కోసినట్టుంటుందని, ట్రైనులో సీటు దొరికినా కూర్చోలేక నిలబడేదాన్నని. నేను పక్కనే కూర్చుని ఇవన్నీ మొదటిసారి విన్నాను. డాక్టరు రాస్తూ రాస్తూ తలెత్తి, "ఇన్నేళ్ళు ఇంట్లో చెప్పలేదా?" అంది.

"చెప్పాను డాక్టర్. మొదట్లో చెప్పాను."

నన్ను చూడకుండానే అంది ఆ మాట. నా జీవితంలో ఎన్నో వాదనల్లో ఓడిపోయాను. ఏదీ నన్ను అంతగా నేలకు దించలేదు.

ఎమ్మారై తీశారు. ఎండోమెట్రియోసిస్ అన్నారు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి వివరించింది. గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం బయట, ఓవరీల మీద, పేగుల మీద పెరుగుతుంది. నెలనెలా అక్కడ వాపు వస్తుంది, రక్తం చేరుతుంది, పోవడానికి దారి ఉండదు. మచ్చలు పడి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మామూలు స్కాన్‌లో చాలాసార్లు కనిపించదు. "స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదమ్మా, ఆ స్కాన్‌కు కనిపించలేదని మాత్రమే" అంది. ఈ వాక్యం నేను క్లాసులో పిల్లలకు మైక్రోస్కోపు గురించి చెప్పేదాన్ని.

కడుపు మీద చిన్న గాట్లు పెట్టి లాపరోస్కోపీ ఆపరేషన్ చేశారు. ఎడమ ఓవరీలో పెద్ద చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి. ఆ ఓవరీని కాపాడలేకపోయారు. పేగు దగ్గర అతుక్కుపోయిన పొరలు విడదీయడానికే గంటలు పట్టిందట. బయటికి వచ్చిన డాక్టరును అడిగాను, ముందే తీసుకొచ్చి ఉంటే ఓవరీ మిగిలేదా అని.

"మిగిలేదేమో. మిగలకపోనూవచ్చు. నాకు తెలియదు. కానీ ఆ అమ్మాయి ఇంత నొప్పి పడి ఉండేది కాదు. అది మాత్రం తెలుసు."

అత్తమ్మ అప్పటికి ఏడాది కిందటే పోయింది. ఆమె ఎదుట కూర్చుని, "చాప విషయంలో నేనే రైటు, బిడ్డ విషయంలో మీరే రైటు" అని చెప్పాల్సింది. ఆమె దానికేమనేదో కూడా నాకు తెలుసు: "ఇప్పుడన్నా కండ్లు తెరిచినావు గదమే." ఆ మాట వినే అదృష్టం పోగొట్టుకున్నాను. రాత్రింబవళ్ళు పక్కనే ఉన్న సాక్షిని నేనే తోసిపుచ్చాను.

ఇక తిండి సంగతి. ఆపరేషన్ తర్వాత హార్మోన్ టాబ్లెట్లు రాశారు. తిండి మార్పు వల్ల కొందరికి ఉపశమనం ఉంటుందని, జబ్బు మాత్రం దానితో పోదని డాక్టరు స్పష్టంగా చెప్పింది. నేను మొదటి సగమే విన్నాను. ఇంటర్నెట్‌లో దొరికిందల్లా చదివి ఒక చార్టు రాసి ఫ్రిజ్‌కు అంటించాను. పాలు, పెరుగు, గోధుమ, పంచదార, మాంసం, కాఫీ, నూనెలో వేయించినవి అన్నీ ఒకే రోజు మానిపించాను. చేతన పెట్టిందే తిన్నది. రెండు నెలల్లో చెంపలు లోపలికి పోయాయి. నాకు అది కూడా వైద్యం పనిచేస్తున్నట్టే కనిపించింది.

ఒక సాయంత్రం దాని హ్యాండ్‌బ్యాగులో నూనె అంటిన కాగితం దొరికింది.

"ఇదేంటి?"

"మిరపకాయ బజ్జీ మా. రెండు తిన్నా. పోలీసుకి పట్టిస్తావా?"

"నీ మంచికే కదా చెప్తున్నాను!"

"అవ్వ మంచికే చాప వేసింది. నువ్వు దాన్ని పారేసి నా కంచం చుట్టూ గీత గీసినావు. అప్పుడు మూడు దినాలు, ఇప్పుడు నెలంతా. ఏం తేడా మా?" అంది. గొంతు తగ్గించి, "నొప్పి అంటే లేదంటావు, లేకపోతే సరిచెయ్యను వస్తావు. ఒక తడవ ఊరికే విను మా" అంది.

నేను చార్టు చించేశాను. ఏడ్చాను కూడా. దానివల్ల ప్రయోజనం లేదు కాబట్టి మర్నాడు డైటీషియన్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ అంతా విని, "అన్నీ ఒకేసారి మానేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? మీరు సైన్సు టీచర్ అన్నారు కదా మేడమ్?" అంది. చేతన దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటి మార్చి చూశాం. ఒక్కోదానికి రెండు నెలలు. చేతనే రాసుకుంది, చేతనే నిర్ణయించుకుంది. పరగడుపున కాఫీ మానితే కడుపుబ్బరం తగ్గింది. ఆ నాలుగైదు రోజులు పచ్చి ఉల్లిపాయ, రాజ్మా, పరోటా తినకపోతే తేలిగ్గా ఉంది. పెరుగు మానినా ఏ తేడా లేదు, తిరిగి మొదలుపెట్టింది. గోధుమ కూడా అంతే. రాగి, మునగాకు, చేపలు వారంలో తరచుగా తింటోంది. వీటివల్ల నొప్పి తగ్గిందా, ఉబ్బరం తగ్గితే నొప్పి భరించడం తేలికైందా, నేను చెప్పలేను. ఇది ఒక్క మనిషి అనుభవం. మీ ఇంట్లో వేరుగా ఉండవచ్చు. ఆరు వారాల డైటుతో ఎండోమెట్రియోసిస్ మాయం చేస్తామని ఎవరైనా మీకు పొడి డబ్బా అమ్మజూపితే, విభూతి ఇచ్చే బాబాను అడిగే ప్రశ్నలే వాళ్ళనూ అడగండి.

ఇప్పుడు చేతనకు ఇరవై ఆరు. టాబ్లెట్ రోజూ వేసుకుంటుంది. ఆర్నెల్లకోసారి చెకప్. కుడి ఓవరీ మీద మళ్ళీ చిన్న సిస్ట్ కనిపిస్తోందని పోయిన చెకప్‌లో చెప్పారు. పిల్లలు పుడతారా అన్నది దాని ప్రశ్న, అది అడిగినప్పుడే నేను మాట్లాడతాను. పోయిన వారం ఉదయం వంటింట్లోకి వచ్చి, "మా, ఈ పొద్దు నొప్పి పదికి ఏడు. లీవు పెడతా ఉండా" అని చెప్పి వెళ్ళి పడుకుంది. నేను సరే అన్నాను. ఇంకొక్క మాట కూడా కలపకుండా ఉండడానికి పంటి కింద పెదవి నొక్కిపెట్టుకోవాల్సి వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత నా కూతురు తనంతట తానుగా నాకు చెప్పిన మొదటి నొప్పి అది.

మీరు ఒక పని చేయాలి. మీ ఇంట్లో నెలనెలా మాత్రలు మింగి, వంగి నడిచే ఆడపిల్ల ఉంటే ఆమెకు ఒక నోట్‌బుక్ కొనివ్వండి. ఏ తేదీన ఎక్కడ నొప్పి, పదికి ఎంత, ఆ రోజు ఏ పని చేయలేకపోయింది, ఏం తిన్నది, మూడు నెలలు ఆమెనే రాసుకోనివ్వండి. వాంతులు, స్పృహ తప్పడం ఉంటే మూడు నెలలు కూడా ఆగవద్దు. ఆ పుస్తకంతో గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. స్కాన్ నార్మల్ అంటే, "మరి ఈ నొప్పి దేనివల్ల?" అని ఆ అమ్మాయి అడిగే దాకా కుర్చీలోంచి లేవకండి. డాక్టరు ప్రశ్న వేసినప్పుడు మాత్రం మీరు నోరు మూసుకోండి. ఆమెను చెప్పనివ్వండి.